ఒక ఉద్యోగానికి ఏ సామర్థ్యాలు, ఏ నైపుణ్యాలు కావాలో తేల్చడం ఎలా?

ఉద్యోగ ప్రకటనల్లో అభ్యర్థికి ఉండవలసిన గుణాల జాబితా చూస్తే ఎక్కువసార్లు అవే మాటలు ఎదురవుతాయి: చురుకుదనం, చక్కగా మాట్లాడగలగడం, బృందంతో కలిసి పనిచేసే తత్వం, ఒత్తిడిని తట్టుకునే శక్తి. పదవి పేరును చేత్తో మూసి ఈ జాబితా ఒక్కటే చదివితే, అది క్రేన్ నడిపేవారి కోసమా, లెక్కలు చూసేవారి కోసమా, ఆసుపత్రి వార్డులో పనిచేసేవారి కోసమా అన్నది ఎవరూ చెప్పలేరు. ఇలా ఎందుకు జరుగుతుందంటే, జాబితా రాసేవారు ముందుగా ఒక ఆదర్శ వ్యక్తిని ఊహించుకుని, ఆ వ్యక్తిని వర్ణిస్తారు. ఆ కుర్చీలో కూర్చున్నవారు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తారో మాత్రం చూడరు. ఈ వ్యాసం చెప్పే పద్ధతి దానికి తలకిందులుగా ఉంటుంది. ముందు పనిని చూడాలి, ఆ తరువాత పనిని చిన్న చిన్న పనులుగా విడదీయాలి, ఒక్కొక్క పని మనిషి నుంచి ఏం కోరుతుందో అప్పుడే అడగాలి. ఉద్యోగులను ఎంపిక చేసేవారికి, శిక్షణ రూపొందించేవారికి, ఒక ఉద్యోగం తమకు సరిపడుతుందో లేదో తేల్చుకోవాలనుకునేవారికి కూడా ఈ దారి ఒకటే.

ముందుగా నాలుగు విషయాలను వేరు చేసుకోవాలి

ఉద్యోగ విశ్లేషణ చేసేవారు ఒక పనికి మనిషి తెచ్చేదాన్ని నాలుగు భాగాలుగా చూస్తారు. పరిజ్ఞానం అంటే తెలిసి ఉండవలసిన విషయం: మందుల పేర్లు, పన్ను నిబంధనలు, యంత్ర భాగాల అమరిక వంటివి. నైపుణ్యం అంటే సాధనతో వచ్చిన చేతనైనతనం: వెల్డింగ్ చేయడం, సూటిగా ప్రశ్నలు అడగడం, ప్రోగ్రామ్ రాయడం. సామర్థ్యం అంటే ఆ నైపుణ్యం కింద ఉండే, మరింత స్థిరమైన శక్తి: చీకట్లో చూడగలగడం, చేయి వణకకుండా నిలపగలగడం, నాలుగు విషయాలను ఒకేసారి గుర్తుంచుకోగలగడం. ఇక నాలుగోది స్వభావం, అలవాట్లు: ఓర్పు, నిజాయతీ, వేళకు రావడం.

ఈ విభజనలో సామర్థ్యాల వైపు ఎక్కువగా పనిచేసినవారు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్విన్ ఫ్లీష్‌మన్. ఆయన వర్గీకరణ ఆధారంగానే అమెరికా కార్మిక శాఖ నడిపే ఓ నెట్ అనే వృత్తుల సమాచార నిధిలో 52 సామర్థ్యాల పట్టిక తయారైంది. అందులో 21 మేధకు సంబంధించినవి, 10 చేతుల కదలికకూ అదుపుకూ సంబంధించినవి, 9 శరీర బలానికి సంబంధించినవి, 12 చూపు, వినికిడి, మాట వంటివాటికి సంబంధించినవి. నైపుణ్యాలకు వేరుగా 35 అంశాల పట్టిక ఉంది. ఈ సమాచార నిధిని ఎవరైనా ఉచితంగా చూడవచ్చు కనుక కొత్తగా ఈ పని మొదలుపెట్టేవారు తమ ఉద్యోగానికి దగ్గరగా ఉన్న వృత్తిని అక్కడ చూసుకోవడం మంచిది. అయితే దాన్ని ఉన్నది ఉన్నట్టు దించుకోకూడదు. అది ఆ వృత్తిలో ఉన్నవారందరి సగటు చిత్రం, మీ దగ్గర జరిగే పని కాదు.

సామర్థ్యానికీ నైపుణ్యానికీ మధ్య గీత అంత గట్టిది కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. శరీర దారుఢ్యాన్ని పట్టికలు సామర్థ్యంగానే చూపిస్తాయి, కానీ కొన్ని నెలల వ్యాయామంతో అది పెరుగుతుంది. రంగులను వేరుగా గుర్తించే చూపు మాత్రం ఎంత సాధన చేసినా రాదు. కాబట్టి పేరు ఏ వరుసలో ఉందన్నదాని కంటే, అది ఎంత కాలంలో, ఎంత ఖర్చుతో మారుతుందన్నదే మనకు పనికొచ్చే ప్రశ్న.

పనిని దగ్గరగా చూడటం

మొదటగా ఏ ఉద్యోగాన్ని పరిశీలిస్తున్నారో హద్దు గీసుకోండి. ఒకే పదవి పేరు కింద రెండు మూడు రకాల పనులు దాగి ఉండటం సర్వసాధారణం. గిడ్డంగి సహాయకుడు అన్న పేరుతో ఒకరు రోజంతా పెట్టెలు ఎత్తుతుంటే, మరొకరు స్కానర్ పట్టుకుని లెక్క సరిచూస్తూ ఉండవచ్చు. ఇద్దరికీ ఒకే జాబితా రాస్తే అది ఇద్దరికీ సరిపోదు.

తరువాత పని జరిగే చోటికి వెళ్లి చూడాలి. రద్దీ వేళలో ఒకసారి, తీరిక వేళలో ఒకసారి, రాత్రి షిఫ్టు ఉంటే అప్పుడు కూడా చూడాలి. చూడటం అంటే ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చెబుతాను. అత్యవసర సేవల కంట్రోల్ రూమ్‌లో కాల్ అందుకునే ఉద్యోగిని తీసుకుందాం. బయటివారి దృష్టిలో ఆమె చేసేది ఫోన్ ఎత్తడం, వివరాలు రాసుకోవడం. పక్కన కూర్చుని చూస్తే వేరే సంగతి తెలుస్తుంది. హెడ్‌ఫోన్‌లో ఒక గొంతు ఏడుస్తూ మాట్లాడుతోంది, వెనుక వాహనాల మోత, మధ్యలో ఇంకెవరో అరుస్తున్నారు. ఆమె ఆ గొంతులోంచి చిరునామాను ఏరుకుంటూ, అదే సమయంలో టైపు చేస్తూ, ఇంకో తెరపై మ్యాప్‌లో చోటును వెతుకుతోంది. ఫోన్ చేసినవారు చెప్పిన పేరుతో రెండు వీధులు కనిపిస్తే, వారిని కంగారు పెట్టకుండా, "మీకు ఎదురుగా ఏం కనిపిస్తోంది?" అని అడుగుతోంది. చేతులు కీబోర్డు మీద ఆగవు, కళ్లు రెండు తెరల మధ్య తిరుగుతుంటాయి, గొంతు మాత్రం ఒకే స్థాయిలో ఉంటుంది. ఈ దృశ్యంలో ఉన్న ప్రతి చిన్న వివరమూ తరువాత జాబితాలోకి వచ్చే అంశమే. దీన్ని "మంచి సంభాషణ నైపుణ్యం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే సగానికి పైగా జారిపోతుంది.

బయటికి కనిపించని ఆలోచన కూడా పనిలో చాలా ఉంటుంది. దాన్ని రాబట్టాలంటే పని జరుగుతుండగా ప్రశ్నలు వేయకూడదు. పని చెడుతుంది, సమాధానమూ సరిగా రాదు. ఒక ఘట్టం ముగిశాక, "అక్కడ ఒక్క క్షణం ఆగారు, ఎందుకు?", "ఆ ప్రశ్నే ముందు ఎందుకు అడిగారు?" అని అప్పుడే జరిగినదాన్ని పట్టుకుని అడగాలి.

ఎవరిని అడగాలన్నది కూడా ముఖ్యమే. బాగా చేయి తిరిగినవారిని మాత్రమే అడిగితే చిత్రం వంకరగా వస్తుంది. 1967లో మనస్తత్వ శాస్త్రవేత్తలు పాల్ ఫిట్స్, మైఖేల్ పోస్నర్ వివరించినట్టు, ఏ నైపుణ్యమైనా మొదట ఆలోచించి ఆలోచించి చేసే దశలో ఉంటుంది, తరువాత తప్పులు తగ్గే దశకు వస్తుంది, చివరికి ఆలోచన అక్కర లేకుండానే జరిగిపోయే దశకు చేరుతుంది. ఆ చివరి దశలో ఉన్నవారికి తాము ఏం చేస్తున్నారో చెప్పడమే కష్టం. ఫ్లీష్‌మన్ 1950లలో చేసిన ప్రయోగాల్లో ఇంకో విషయం బయటపడింది: చేతిపని నేర్చుకునే తొలి రోజుల్లో స్థలాన్ని ఊహించగల శక్తి వంటి మేధా సామర్థ్యాలకు ఎక్కువ పాత్ర ఉండగా, సాధన పెరిగే కొద్దీ ప్రతిస్పందన వేగం, కదలిక వేగం వంటివాటి పాత్ర పెరిగింది. అంటే కొత్తవారికి కావలసినదీ, పాతవారికి కావలసినదీ ఒకటి కాకపోవచ్చు. అందువల్ల అనుభవజ్ఞులతో పాటు, చేరి కొద్ది నెలలే అయినవారిని కూడా తప్పకుండా కలవండి. ఏది కష్టంగా అనిపించిందో వారికి ఇంకా గుర్తుంటుంది. పై అధికారిని చివరగా అడిగితే చాలు. ఆయన చెప్పేది చాలాసార్లు పని ఎలా జరగాలన్నది, ఎలా జరుగుతోందన్నది కాదు.

చూసినదాన్ని పనులుగా రాయడం

చూసిన తరువాత ప్రతి పనినీ ఒక వాక్యంగా రాయాలి. ఆ వాక్యంలో ఏం చేస్తారు, దేనిమీద చేస్తారు, దేని సాయంతో చేస్తారు, ఎందుకు చేస్తారు అన్న నాలుగూ ఉండాలి. "కాల్స్ నిర్వహించడం" అన్నది పని వాక్యం కాదు, అది శీర్షిక. "ఫోన్ చేసిన వ్యక్తి చెప్పే గుర్తులను బట్టి, మ్యాప్ తెర సాయంతో సంఘటన స్థలాన్ని నిర్ధారించి, దగ్గరలోని వాహనానికి సమాచారం చేరేలా నమోదు చేయడం" అన్నది పని వాక్యం. ఇలా రాసినప్పుడే ఆ పనికి ఏం కావాలో దానంతట అదే కనబడటం మొదలవుతుంది.

ప్రతి వాక్యం పక్కన రెండు అంకెలు వేయండి: అది ఎంత తరచుగా జరుగుతుంది, చెడితే ఎంత నష్టం. ఈ రెండింటినీ కలిపేయకూడదు. మన ఉదాహరణలోని ఉద్యోగిని రోజూ ఎన్నోసార్లు చిరునామా నమోదు చేస్తుంది. గుండె ఆగిన మనిషి ఛాతీని ఎలా నొక్కాలో ఫోన్‌లో చెప్పవలసిన సందర్భం అంత తరచుగా రాదు. కానీ వచ్చినప్పుడు, ఎదుటివారు నిమిషానికి 100 నుంచి 120 సార్ల లెక్కన నొక్కేలా ఆమె వారితో కలిసి పైకి అంకెలు లెక్కపెడుతూ పోవాలి, సహాయక బృందం చేరేదాకా వారిని ఆపనివ్వకూడదు. తరచుదనాన్ని మాత్రమే చూసి పనులను వరుస పెట్టేవారి జాబితాలో ఈ పని అడుగున పడిపోతుంది.

జరిగిన సంఘటనలను రాబట్టడం

పనుల జాబితా మామూలు రోజును చెబుతుంది. బాగా చేసేవారికీ అంతంతమాత్రంగా చేసేవారికీ తేడా ఎక్కడ వస్తుందో తెలియాలంటే సంఘటనలు కావాలి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైనిక విమానదళంలో పైలట్ల ఎంపికపై పనిచేసిన జాన్ ఫ్లానగన్ ఈ పద్ధతిని 1954లో వివరంగా ప్రచురించారు. దీని సూత్రం చాలా సరళం. "మంచి ఉద్యోగి ఎలా ఉండాలి?" అని అడగకూడదు, అడిగితే మళ్లీ ఆ పాత విశేషణాలే వస్తాయి. "ఈ మధ్య ఎవరైనా ఈ పనిని చాలా బాగా చేసిన ఒక సందర్భం చెప్పండి. పరిస్థితి ఏమిటి? ఆ మనిషి సరిగ్గా ఏం చేశారు? దాని వల్ల ఏం జరిగింది?" అని అడగాలి. అలాగే పని చెడిన సందర్భాన్నీ అడగాలి. పేర్లు అక్కర లేదని ముందే చెబితే జవాబులు ధారాళంగా వస్తాయి.

కంట్రోల్ రూమ్‌లో వినిపించే అలాంటి సందర్భం ఒకటి చూద్దాం. కుప్పకూలిన మనిషి పక్కనున్నవారు ఫోన్ చేసి, "స్పృహ లేదు, కానీ ఊపిరి తీసుకుంటున్నాడు" అంటారు. ఆ మాటను యథాతథంగా రాసుకునే ఉద్యోగి ఉంటారు. ఇంకొకరు, "అతను ఊపిరి తీసుకున్న ప్రతిసారీ 'ఇప్పుడు' అని నాకు చెప్పండి" అంటారు. ఒక "ఇప్పుడు"కూ మరో "ఇప్పుడు"కూ మధ్య ఎడం ఎక్కువగా ఉంటే, అది మామూలు శ్వాస కాదనీ, గుండె ఆగిన తరువాత వచ్చే ఎగశ్వాస అయి ఉండవచ్చనీ గ్రహించి వెంటనే ఛాతీ నొక్కించడం మొదలుపెడతారు.

ఇప్పుడు దీన్ని విడదీయండి. ఎగశ్వాసకూ మామూలు శ్వాసకూ తేడా ఉంటుందని తెలియడం పరిజ్ఞానం. వైద్యం తెలియని మనిషి కూడా జవాబు చెప్పగలిగేలా ప్రశ్నను మలచడం నైపుణ్యం. "ఇక్కడ ఏదో తేడా ఉంది" అని ముందే పసిగట్టడం సామర్థ్యం. ఓ నెట్ పట్టికలో ఇది మేధా సామర్థ్యాల కింద ప్రత్యేకంగా కనిపిస్తుంది, సమస్యను పరిష్కరించడం వేరు, సమస్య ఉందని గుర్తించడం వేరు అన్న వివరణతో. మోతలోంచి మాటను విడదీసి వినడం కూడా సామర్థ్యమే. ఎదుటివారి భయం తనకు అంటకుండా చూసుకోవడం స్వభావం. ఒక్క సంఘటన నుంచి ఇన్ని వచ్చాయి. ఇలాంటివి పది, ఇరవై సేకరించే సరికి అవే అంశాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. కొత్తవి రావడం ఆగిన చోట సేకరణ ఆపేయవచ్చు.

శరీరం, ఇంద్రియాలు, ఏకాగ్రత

జాబితాలు రాసేవారు ఎక్కువగా మరిచిపోయేది ఈ భాగాన్ని. బల్ల ముందు కూర్చుని చేసే పనులకు ఇవి అక్కర లేదనుకుంటారు, శ్రమతో కూడిన పనులకు "దృఢకాయులై ఉండాలి" అని సరిపెడతారు. బలం ఒక్కటే రకం కాదు. బరువును ఒక్కసారి ఎత్తే బలం, ఒక్క ఉదుటున దూకే లేదా విసిరే బలం, అలసిపోకుండా అదే కదలికను పదే పదే చేయించే బలం, నడుము బలం అని నాలుగు వేరువేరుగా లెక్కకు వస్తాయి. దమ్ము వీటికి అదనం. పెట్టెలు ఎత్తే పనికి కావలసిన బలానికీ, నిచ్చెన ఎక్కి చేతులు పైకెత్తి గంటసేపు పనిచేసే బలానికీ పొంతన ఉండదు. బరువును కిలోల్లో రాయండి, ఎంత ఎత్తు నుంచి ఎంత ఎత్తుకో, గంటకు ఎన్నిసార్లో రాయండి. అమెరికాలోని వృత్తి భద్రత, ఆరోగ్య పరిశోధన సంస్థ నయోష్ 1991లో సవరించిన సూత్రం ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా చేతులతో ఎత్తే బరువు 23 కిలోలకు మించకూడదు. శరీరానికి దూరంగా పట్టుకోవలసి వచ్చినా, నడుము తిప్పవలసి వచ్చినా ఆ హద్దు ఇంకా తగ్గుతుంది. మీ జాబితాలో 40 కిలోలు అని తేలితే, అంత బలమున్న మనిషి కోసం వెతకడం కంటే ఒక ట్రాలీ కొనడం సరైన నిర్ణయం. ఉద్యోగ విశ్లేషణ కొన్నిసార్లు ఇలా మనిషిని వదిలి పనినే మార్చమంటుంది.

ఇంద్రియాల విషయంలో రైల్వేల చరిత్ర మంచి పాఠం. 1875లో స్వీడన్‌లోని లాగర్‌లుండా దగ్గర జరిగిన రైలు ప్రమాదం తరువాత, శరీరధర్మ శాస్త్రవేత్త ఫ్రిత్యోఫ్ హోల్మ్‌గ్రెన్ రంగురంగుల ఊలు పోగులతో రైల్వే సిబ్బంది చూపును పరీక్షించడం మొదలుపెట్టారు. ఎరుపు, ఆకుపచ్చ రంగులను వేరుచేయలేకపోవడం ఉత్తర ఐరోపా మూలాలున్న మగవారిలో దాదాపు 8 శాతం మందిలో కనిపిస్తుంది, ఆడవారిలో అది చాలా అరుదు. రంగు దీపాలు, రంగు తీగలు, రంగు గుర్తులు నిజంగా పనిలో ఉంటేనే ఈ అంశం జాబితాలోకి రావాలి. అలవాటుగా అన్ని ఉద్యోగాలకూ దీన్ని తగిలించడం అన్యాయం.

ఏకాగ్రత గురించి ఒక మాట. పనిలో మునిగి ఉన్నప్పటి ఏకాగ్రత వేరు, ఏమీ జరగని తెరను చూస్తూ కూర్చోవడానికి కావలసిన ఏకాగ్రత వేరు. రాడార్ పర్యవేక్షకుల సమస్యను అర్థం చేసుకోవడానికి మనస్తత్వ శాస్త్రవేత్త నార్మన్ మాక్‌వర్త్ ఒక గడియారం ముల్లును అప్పుడప్పుడు మాత్రమే రెట్టింపు దూరం దూకేలా చేసి, దాన్ని గుర్తించమని మనుషులను కూర్చోబెట్టారు. 1948లో ప్రచురించిన ఆ ఫలితాల్లో మొదటి అరగంటలోనే గుర్తించే శక్తి గణనీయంగా పడిపోయింది. కాపలా, నాణ్యత తనిఖీ, కెమెరాల పర్యవేక్షణ వంటి ఉద్యోగాలకు "గంటల తరబడి ఏకాగ్రత" అని రాసేవారు ఈ సంగతి తెలుసుకోవాలి. అక్కడ కావలసింది మనిషిలోని అసాధారణ శక్తి కాదు, అరగంటకో, ఇంకాస్త ముందో మనుషులను మార్చే ఏర్పాటు.

ఎంత స్థాయి కావాలి?

ఒక అంశం జాబితాలో ఉందని చెబితే సరిపోదు; ఎంత మేరకు కావాలో చెప్పాలి. ఓ నెట్‌లో ప్రతి అంశానికీ ప్రాధాన్యం వేరుగా, స్థాయి వేరుగా ఉంటాయి. విన్నది అర్థం చేసుకునే సామర్థ్యానికి అక్కడ ఇచ్చిన కొలమానంలో, టీవీ ప్రకటన అర్థం కావడం కింది స్థాయి, ఆట కోచ్ నోటితో చెప్పే సూచనలు అర్థం కావడం నడిమి స్థాయి, ఉన్నత భౌతిక శాస్త్ర ఉపన్యాసం అర్థం కావడం పై స్థాయి. మీరూ ఇలాగే మీ పనిలోంచే మెట్లు తయారు చేసుకోండి. "ఆంగ్లంలో ప్రావీణ్యం" అని రాయడానికి బదులు, "యంత్రంతో వచ్చిన ఆంగ్ల సూచనల పుస్తకం చదివి లోపం సంఖ్యను గుర్తించగలగాలి" అని రాస్తే అడిగేదానికి హద్దు ఉంటుంది. మొదటి మాట చూసి వెనక్కి తగ్గే చాలామంది రెండోదాన్ని సులభంగా చేయగలరు.

ఏది తప్పనిసరి అన్నదానిపై తలా ఒక మాట చెప్పడం సహజం. దీన్ని తేల్చడానికి అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త సి. హెచ్. లాషే 1975లో ఒక తేలికైన లెక్క ఇచ్చారు. పని తెలిసిన కొందరిని కూర్చోబెట్టి, ప్రతి అంశాన్నీ "తప్పనిసరి", "ఉపయోగమే కానీ తప్పనిసరి కాదు", "అక్కర లేదు" అన్న మూడింట్లో ఒకదాని కింద వేయమనాలి. తప్పనిసరి అన్నవారి సంఖ్యలోంచి మొత్తం మందిలో సగాన్ని తీసివేసి, వచ్చినదాన్ని ఆ సగంతోనే భాగించాలి. పదిమందిలో తొమ్మిదిమంది తప్పనిసరి అంటే 9 లోంచి 5 పోగా 4, దాన్ని 5తో భాగిస్తే 0.80. ఎనిమిదిమంది అంటే 0.60. పదిమంది ఉన్న బృందానికి ఆయన పెట్టిన కనీస హద్దు 0.62 కాబట్టి, తొమ్మిదిమంది ఒప్పుకున్నది నిలుస్తుంది, ఎనిమిదిమంది ఒప్పుకున్నది వెంట్రుకవాసిలో తప్పిపోతుంది. ఇంత కఠినం అవసరమా అనిపించవచ్చు. నా దృష్టిలో అవసరమే, ఎందుకంటే చర్చల్లో అంశాలను చేర్చడానికి అందరూ ముందుంటారు, తీసివేయడానికి ఎవరూ నోరు మెదపరు. ఓటు వేసేటప్పుడు ఎవరి కాగితం వారు విడిగా నింపేలా చూడండి; పై అధికారి మొదట మాట్లాడితే మిగతావారు ఆయన మాటకే వంత పాడతారు.

చేరిన రోజే కావాలా, నేర్పవచ్చా?

మిగిలిన ప్రతి అంశానికీ ఒక ప్రశ్న వేయండి: ఇది చేరిన రోజే ఉండాలా, లేక మన శిక్షణలో వస్తుందా? మన సాఫ్ట్‌వేర్ వాడకం, మన ఫారాలు, మన నియమాలు నేర్పేవే. వాటిని అభ్యర్థి నుంచి ఆశించకూడదు. మోతలోంచి మాటను విడదీసి వినగలగడం మాత్రం నేర్పి తెచ్చేది కాదు. టైపింగ్ మధ్యలో ఉంటుంది: నేర్పవచ్చు, కానీ వారాలు పడుతుంది, కాబట్టి ఆ ఖర్చు భరించగలరో లేదో సంస్థ నిర్ణయించుకోవాలి. ఎంపికలో పరీక్షించవలసింది మొదటి రోజుకు కావలసినవాటినే. మిగతావన్నీ శిక్షణ ప్రణాళికలోకి వెళ్తాయి.

ఈ వడపోత చేయకపోతే, చదువు పట్టానే అన్నిటికీ ప్రత్యామ్నాయంగా పెట్టే అలవాటు వస్తుంది. 1971లో గ్రిగ్స్ వర్సెస్ డ్యూక్ పవర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు సరిగ్గా ఇలాంటి నియమాన్నే తప్పుబట్టింది. ఆ కంపెనీ ఉన్నత పాఠశాల ధ్రువపత్రాన్నీ కొన్ని సాధారణ పరీక్షలనూ షరతుగా పెట్టింది. వాటికీ ఆ ఉద్యోగాన్ని బాగా చేయడానికీ సంబంధం ఉందని చూపలేకపోయింది, పైగా ఆ షరతులు నల్లజాతి ఉద్యోగులను ఎక్కువగా మినహాయించాయి. చట్టం ఏ దేశంలో ఎలా ఉన్నా, పనితో ముడి చూపలేని షరతు జాబితాలో ఉండకూడదన్నది పాటించదగిన నియమం.

అదే జాగ్రత్త వైకల్యం ఉన్నవారి విషయంలోనూ కావాలి. పని ఫలితాన్ని రాయండి, దాన్ని సాధించే శారీరక విధానాన్ని కాదు. "తెరపై సందేశాలను చదవగలగాలి" అనే బదులు "తెరపై వచ్చిన సందేశంలోని సమాచారాన్ని అందుకుని నిర్ణీత సమయంలో స్పందించగలగాలి" అంటే, తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాడేవారికి తలుపు తెరిచి ఉంటుంది.

ఉన్నదో లేదో చూడటం

జాబితా సిద్ధమయ్యాక ప్రతి అంశాన్ని ఎలా పరీక్షిస్తారో పక్కనే రాయండి. పరీక్షించే దారి దొరకని అంశం చాలావరకు అస్పష్టంగా రాసినదై ఉంటుంది. వెనక్కి వెళ్లి తిరిగి రాయాలి. ఏ పద్ధతి ఎంత నమ్మదగినదన్నదానిపై చాలా పరిశోధన జరిగింది. 1998లో మనస్తత్వ శాస్త్రవేత్తలు ష్మిట్, హంటర్ చేసిన సమీక్షలో పని నమూనా పరీక్షలు (ఆ పనిలోని ఒక ముక్కను చేయించి చూసేవి), మేధా సామర్థ్య పరీక్షలు, ముందే ప్రశ్నలు నిర్ణయించుకుని చేసే ఇంటర్వ్యూలు పైన నిలిచాయి. 2022లో సాకెట్, ఆయన సహచరులు ఆ లెక్కలను సరిచేసి మళ్లీ చూసినప్పుడు దాదాపు అన్ని అంకెలూ తగ్గాయి, ప్రశ్నలు ముందే నిర్ణయించుకున్న ఇంటర్వ్యూ మొదటి స్థానానికి వచ్చింది. అందరినీ అవే ప్రశ్నలు అడగడం, జవాబులకు మార్కులు వేసే పద్ధతిని ముందే రాసుకోవడం అందులో కీలకం. ఎన్నేళ్ల అనుభవం ఉందన్న అంకె ఒక్కటే చూస్తే చాలా తక్కువే తెలుస్తుందని 1998 సమీక్షే చూపింది, అయినా ప్రకటనల్లో మొదటి వరుస ఇప్పటికీ దానిదే.

కాల్ అందుకునే ఉద్యోగానికైతే పరీక్ష ఇలా ఉండవచ్చు: మోత కలిపి రికార్డు చేసిన ఒక నమూనా సంభాషణ వినిపించి, అది నడుస్తుండగానే ముఖ్య వివరాలను టైపు చేయమనడం, మధ్యలో చిరునామా ఒకసారి మార్చి చెప్పించి, ఆ మార్పును పట్టుకున్నారో లేదో చూడటం. ఈ పరీక్ష పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి ముందుగా ఇప్పటికే ఆ పని బాగా చేస్తున్నవారికి పెట్టి చూడండి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మనస్తత్వ శాస్త్రవేత్త హ్యూగో మున్‌స్టర్‌బర్గ్ టెలిఫోన్ ఆపరేటర్ల కోసం పరీక్షలు తయారు చేసినప్పుడు, వాటిని అంతగా నమ్మని కంపెనీ ఆయనకు తెలియకుండా కొందరు సమర్థులైన పాత ఆపరేటర్లను కొత్తవారిలో కలిపి పంపింది. ఫలితాల్లో వారు పైవరుసలో నిలిచారని ఆయన 1913లో రాశారు. మీ పరీక్షలో మీ ఉత్తమ ఉద్యోగులే తప్పితే, తప్పు ఉద్యోగులది కాదు, పరీక్షది.

ఉద్యోగం వెతుకుతున్నవారు ఇదే దారిని తిరగేసి నడవవచ్చు. ప్రకటనలోని విశేషణాలను పక్కన పెట్టి, ఆ పనిలో ఉన్న ఒకరిని కలిసి, నిన్నటి రోజు ఎలా గడిచిందో గంట గంటకూ చెప్పమనండి. అందులోంచి మీరే ఏడెనిమిది పని వాక్యాలు రాసుకుని, ప్రతి దాని పక్కన మీరు అలాంటిది చేసిన ఒక సందర్భాన్ని రాయండి. ఖాళీగా మిగిలిన చోట్లలో నేర్చుకోగలిగినవి ఏవో, శరీరమో స్వభావమో సహకరించనివి ఏవో విడిగా గుర్తు పెట్టుకోండి. ఇంటర్వ్యూలో "నేను ఒత్తిడిని తట్టుకోగలను" అన్న మాట కంటే ఆ సందర్భాలే ఎక్కువ పనికొస్తాయి.

ఒకసారి చేసిన జాబితా ఎల్లకాలం నిలవదు. పరికరం మారినా, పని పంచుకునే తీరు మారినా దాన్ని మళ్లీ చూడాలి. ఫోన్ చేసినవారి స్థానం దానంతట అదే తెరపై కనిపించే ఏర్పాటు వచ్చాక, కాల్ అందుకునేవారికి వీధుల పేర్లన్నీ జ్ఞాపకం ఉండవలసిన అవసరం తగ్గింది. తెర చూపిస్తున్న చుక్క నిజంగా ఫోన్ చేసినవారున్న చోటేనా, లేక దగ్గరలోని టవర్ చోటా అని అనుమానించి, ఒక ప్రశ్నతో సరిచూసుకోవడం కొత్తగా చేరింది. ఇలాంటి మార్పు వచ్చిన ప్రతిసారీ మొత్తం పనిని మొదటినుంచి చేయనక్కర లేదు. మారిన పని వాక్యాలను మాత్రమే తీసి, వాటి కింద ఉన్న అంశాలను కొట్టివేసి, మళ్లీ ఒకటి రెండు షిఫ్టులు పక్కన కూర్చుని చూసి, కొత్త వాక్యాలు రాసి, వాటిని మాత్రం తిరిగి ఓటుకు పెడితే సరిపోతుంది.